నిలిచినచోట వణకు బండి



గడచిన నెలలో నాకందిన యుత్తరములలో నొకటి నన్ను చాల సేపు ఆలోచింపజేసినది. అందు వంటను గూర్చిన ప్రశ్న లేదు. పిల్లల చదువును గూర్చిన ప్రశ్నయు లేదు. ఒక పాతకారును గూర్చిన గోడు కలదు. వ్రాసిన సోదరి కొండాపూరులో కాపురముండి, హైటెక్ సిటీలో నొక కంపెనీయందు ఉద్యోగము చేయుచున్నది. ఇంట తల్లి యున్నది. ఆమెకు మూత్రపిండములు చెడినందున వారమునకు మూడు మారులు గచ్చిబౌలిలోని యొక యాసుపత్రికి డయాలిసిస్‌కై తీసికొనిపోవలెను. ఆ ప్రయాణములకెల్ల ఆధారము 2011వ సంవత్సరమున తండ్రి కొనిన పెట్రోలుకారు. తండ్రి గతించినాడు, కారు మిగిలినది.

"అక్కా! సిగ్నలు దగ్గఱ నిలిచినప్పుడెల్ల బండి చలిజ్వరము వచ్చిన మనిషివలె వణకుచున్నది. కదలిన పిమ్మట ఏమియు లేదు. ఒక షెడ్డులో చూపింపగా, లోపల మడ్డి పేరుకొన్నది, ఇంజను పని యైపోయినది, ఎనుబది వేలు కావలెననిరి. మఱియొకచోట, ముసలిబండికి ఖర్చేల, అమ్మివేయుడనిరి. క్రొత్తది కొను స్తోమతు నాకు లేదు. వారు చెప్పినది నిజమో కాదో తెలిసికొను జ్ఞానమును లేదు. ఏమి చేయుదును?" అని యామె వ్రాసినది.

ఆ కడపటి మాటయే నన్ను బాధించినది. ఏలననగా నేనును ఒకప్పుడు అదే మాట యనుకొన్నదాననే. మా యింటి పాతబండి యిట్లే వణకుచుండగా, ఒక వర్కుషాపువారు చెప్పినదెల్ల తలయూపి విని, ఒక నెల ప్లగ్గులు, మఱునెల కాయిళ్లు, ఆ పైనెల పెట్రోలు పంపు మార్పించితిని. వణకు మాత్రము మారలేదు. కట్టకడపట గాలిగొట్టమొకటి పగిలినదని తేలినది. దాని వెల కొన్ని వందల రూపాయలు. కొండను త్రవ్వి యెలుకను పట్టినట్లయినది. వారిని నిందించుటకంటె, ఒక్క ప్రశ్నయైన నడుగని నన్ను నేను నిందించుకొనుట న్యాయము. "ఏ పరీక్ష చేసి ఈ భాగము చెడినదని నిర్ణయించితిరి?" అని యడిగినచో చాలియుండెడిది.

యంత్రము మగవారి సొత్తని మనలో చాలమంది తలంతురు. కాని మోటారుబండిపై తొలుత దూరప్రయాణము చేసినది స్త్రీయే యని యెందఱెఱుంగుదురు? 1888వ సంవత్సరము ఆగస్టు నెలలో జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను నామె, తన భర్త నిర్మించిన మూడు చక్రముల బండిలో నిద్దఱు కుమారులను వెంటగొని, మన్‌హైము నుండి ఫోర్ట్‌సైమున నున్న పుట్టినింటికి నూఱు కిలోమీటర్లకు పైగా ప్రయాణించినది. త్రోవలో ఇంధనపు గొట్టము మూసికొనిపోగా, తన టోపీకి గ్రుచ్చుకొను సూదితో దానిని శుభ్రపఱచినది. తీగకు తొడుగు పాడైనచో మేజోళ్ల పట్టీని చుట్టినది. ఇంధనము తీఱిపోగా వీస్‌లోహ్ అను నూరిలో మందుల దుకాణమున కొనినది. ఆమె ఇంజనీరింగు చదువలేదు. పని చేయుచుండగా పక్కన నిలిచి చూచినది. చూచుటయే తొలి చదువు.

కావున ఒక ఆదివారమునాడు నేను కొండాపూరు పోయితిని. అక్కచెల్లెండ్ర మిద్దఱము కలిసి బానెట్టు ఎత్తితిమి. మేము చూచినదియు, దాని వెనుకనున్న కారణమును మీకు వివరించెదను. అంతకు ముందు ఇంజను సంగతి కొంచెము తెలిసికొనవలెను.

సామాన్యమైన పెట్రోలుకారు ఇంజనులో మూడో నాలుగో సిలిండర్లుండును. ఒక్కొక్కదానిలో గాలియు పెట్రోలును కలిసి, నొక్కబడి, ప్లగ్గు నిప్పురవ్వకు మండును. బండి నిలిచి యుండగా ఇంజను నిమిషమునకు సుమారు ఎనిమిది వందల మారులు తిరుగును. రెండు చుట్లకొక మంట చొప్పున, ఒక్కొక్క సిలిండరున నిమిషమునకు నాలుగు వందల మంటలు. నలుగురు బోయీలు పల్లకిని మోయుచుండగా ఒకడు అడుగు తప్పినచో లోనున్నవారికి కుదుపు తెలియును గదా! అట్లే యొక మంట తప్పినను బండి కుదియును. వేగముగా పోవునప్పుడు చక్రపు విసురులో ఆ లోపము కప్పబడును, నిలిచినప్పుడు బయటపడును. అందువలననే "కదలిన పిమ్మట ఏమియు లేదు" అని మన సోదరి వ్రాసినది.

ఇక ఆయిలు. ఇనుము ఇనుమును రాచుకొనకుండ చేయుట యొక్కటే దాని పని యనుకొనకుడు. లోని వేడిని మోసికొనిపోవుట, మసిని తనలో కలుపుకొనుట, త్రుప్పు పట్టనీయకుండుట, ఇవన్నియు దాని పనులే. బాండిలో నొకమారు గారెలు వేచిన నూనెనే మరల మరల కాచినచో నేమగును? నల్లబడును, చిక్కబడును, అంచులకు జిగురు పట్టును. పొయ్యిపై నమర్చిన చిమ్నీ జాలిని ఆఱు నెలలు కడుగక విడిచినచో వ్రేలికంటుకొను బంకను మీరందఱును చూచియే యుందురు. ఇంజనులోని మడ్డియు అట్టిదే. వేడికి ఆయిలు గాలితో కలిసి చెడును. మంటగదినుండి పిస్టను పక్కగా జాఱిన పొగయు, కాలని పెట్రోలును, నీటియావిరియు దానిలో చేరును. ఒక లీటరు పెట్రోలు మండిన సుమారొక లీటరు నీరు పుట్టునన్న నాశ్చర్యపడకుడు. అందు చాలభాగము పొగగొట్టము వెంట ఆవిరియై పోవును. కొంచెము లోనికిని చేరును. ఇంజను బాగుగా వేడెక్కి కొంతసేపు హాయిగా పరుగెత్తినచో ఆ తేమ యెగిరిపోవును. లేనిచో నిలిచిపోయి, మసితో కలిసి, మడ్డియగును.

ఇప్పుడు మన సోదరి తిరుగు త్రోవను చూడుడు. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన సైబర్ టవర్సు ప్రారంభమైనప్పుడు మాదాపూరు, కొండాపూరు ప్రాంతములు చాలవఱకు బండరాళ్లును బీళ్లును. నేడచట అద్దాల మేడలు. 2019లో మెట్రో రైలు హైటెక్ సిటీకిని, పిమ్మట రాయదుర్గమునకును వచ్చినది. 2020 సెప్టెంబరులో దుర్గము చెఱువుపై తీగల వంతెన తెఱచిరి. పైవంతెనలును పెక్కు కట్టిరి. ఐనను సాయంకాలమున మైండ్‌స్పేసు కూడలిలోనో బయోడైవర్సిటీ కూడలిలోనో నిలిచి చూడుడు: దీపముల వరుస కదలదు. ఏడు కిలోమీటర్ల యింటికి ఏబది నిమిషములు. వర్షము కుఱిసిననాడు దానికి లెక్కయే లేదు.

ఈ ఏబది నిమిషములలో మీటరు ఏడు కిలోమీటర్లు మాత్రమే చూపును. కాని ఇంజను విశ్రమించినదా? ఒక గంట నిలిచి తిరిగినచో ఎనిమిది వందల చొప్పున నలుబదియెనిమిది వేల చుట్లు. ఆ గంటకు మీటరుపై పడునది సున్న. బండి పుస్తకమున ఆయిలు మార్పునకు పది వేల కిలోమీటర్లు లేక పండ్రెండు నెలలు, ఏది ముందైన నది, అని సామాన్యముగా వ్రాసియుందురు. మనము మొదటి సగము చదివి, రెండవ సగము మఱచెదము. అదే పుస్తకమున, తఱచుగా నిలిచి సాగు త్రోవలు, చిన్న ప్రయాణములు, దుమ్ము, ఎక్కువ వేడి గలచోట్ల గడువును తగ్గింపవలెనని వేఱొక పేజీలో నుండును. ఆ పేజీ మన సైబరాబాదు కొఱకే వ్రాసినట్లుండును.

ఇక పరీక్ష. మేము వరుసగా చేసిన దిది.

మొదట సర్వీసు కాగితములు చూచితిమి. ఆయిలు మార్చి పందొమ్మిది నెలలు. తిరిగినది ఆఱు వేల కిలోమీటర్లే. "పది వేలు కాలేదు గదా అక్కా!" అని చెల్లెలు తల వంచుకొనినది. నేను కోపపడలేదు. నేను చేసిన తప్పే నాకు జ్ఞాపకము వచ్చినది.

తరువాత, "ఎఱ్ఱని ఆయిలుదీప మెన్నడైన వెలిగినదా?" అని యడిగితిని. తాళము త్రిప్పినప్పుడు చిన్న ఆయిలుడబ్బా బొమ్మతో నొక యెఱ్ఱదీపము వెలిగి, ఇంజను అందుకొనగానే ఆఱిపోవలెను. గడచిన వారము సిగ్నలు దగ్గఱ అది రెండు మూడు మారులు మినుకుమనినదని యామె చెప్పినది. సోదరీమణులారా, ఈ వాక్యమును గీత గీసి యుంచుకొనుడు: ఎఱ్ఱని ఆయిలుదీపము నడుచుచుండగా వెలిగినచో బండిని పక్కకు తీసి, వెంటనే ఇంజను నాపవలెను. ఇంటికి రెండే కిలోమీటర్లున్నను సరే, నడుపరాదు. అది ఆయిలు తక్కువైనదనియో, దాని యొత్తిడి పడిపోయినదనియో చెప్పు దీపము. కొన్ని నిమిషములలో వేల రూపాయల ఇంజను ముద్దగట్టవచ్చును. పసుపుపచ్చని ఇంజనుదీపము వేఱు. అది నిలకడగా వెలుగుచున్న మెల్లగా పోయి చూపించుకొనవచ్చును. మినుకుమినుకుమనుచున్న మంటలు తప్పుచున్నవని యర్థము. కాలని పెట్రోలు పొగగొట్టములోని శుద్ధియంత్రమును కాల్చివేయును గాన అప్పుడును ఆగుటయే మేలు.

పిమ్మట ఇంజను చల్లగా నుండగా, బండి సమనేలపై నుండగా, ఆయిలుపుల్లను తీసి, గుడ్డతో తుడిచి, మరల ముంచి తీసితిమి. తడి క్రిందిగీతకును దిగువనున్నది. ఆయిలు నల్లగా నున్నంతమాత్రమున భయపడ నక్కఱలేదు; మసిని మోయుట దాని పని గాన నల్లబడుట సహజము. వ్రేళ్ల నడుమ రుద్దినచో జిగటగా సాగుచున్నదా, గరుకుగా నున్నదా, పెట్రోలు వాసన వచ్చుచున్నదా యని చూడవలెను.

ఆయిలు పోయు మూతను త్రిప్పి తీసి, దాని యడుగును చూచితిమి. నల్లని బంక దట్టముగా నంటియున్నది. ఆ మూత యడుగున వెన్నవలె తెల్లని నురుగున్నచో వేఱు సంగతి: అది నీరు కలిసిన గుర్తు. చలికాలమున చిన్న ప్రయాణములవలన కొంచెము తేమ చేరినను అట్లగును. కాని కూలెంటు తఱచుగా తగ్గుచు, పొగ తెల్లగా వచ్చుచు, ఆయిలంతయు పాలవలె మాఱినచో హెడ్ గ్యాస్కెట్ చెడినదేమోనని శంకింపవలెను. అందువలన కూలెంటు డబ్బాను గూడ చూచితిమి. గీతకు సరిగా నున్నది. రంగు నిర్మలముగా నున్నది. ఒక భయము తీఱినది. వేడిగా నున్నప్పుడు మాత్రము రేడియేటరు మూతను ముట్టకుడు. మూత తీసిన ప్రెషర్ కుక్కరువలె అది మొగముపైకి చిమ్మును.

అప్పుడు పుస్తకములో చెప్పిన తరగతి ఆయిలును గీత వఱకు పోసి, రెండు నిమిషములు మాత్రము ఇంజను నడిపితిమి. బండి నాలుగువైపుల గాలి యాడు చోట నున్నది గాన అట్లు చేసితిమి. సెల్లారులలో తలుపులు మూసి ఇంజను నెన్నడును నడుపకుడు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. తెలివి తప్పు వఱకు తెలియదు.

ఎఱ్ఱదీప మాఱినది. కాని వణకు తగ్గలేదు. చుట్ల మీటరు ముల్లు ఐదు వందల యేబదికిని ఎనిమిది వందలకును నడుమ ఊగుచున్నది. ఇది మంచి సాక్ష్యము. ముల్లు నిలకడగా నుండి బండి మాత్రము వణకినచో, ఇంజనును మోయు రబ్బరు మౌంటింగులు చెడినవని యనుకొనవచ్చును. ముల్లే యూగినచో దోషము మంటలోనే యున్నది. ఏసీ వేయగానే ఇంజను ఆగిపోబోయినది. అనగా, అదనపు బరువు వచ్చినప్పుడు చాలినంత గాలి పీల్చుకొనలేకున్నది. చెవి యొగ్గి వింటిమి. పగిలిన గొట్టమునుండి వచ్చు బుస వినబడలేదు.

ఆ పైని పని మనది కాదు. బండిని నడుపక, టోయింగు బండిపై నొక చిన్న షెడ్డునకు పంపితిమి. అచటి మెకానిక్కు నెమ్మదిగల మనిషి. మేము ముందే యొక షరతు పెట్టితిమి: ఏ భాగము మార్చుటకు ముందైనను పరీక్ష చేసి మాకు చూపవలెను, విప్పిన పాతభాగమును మాకియ్యవలెను. "మంచిదేనమ్మా, నాకును మాట పడదు" అని యతడొప్పుకొనెను.

అతడు మొదట స్కానరు తగిలించెను. మన దేశమున 2013 ఏప్రిలు నుండి వచ్చిన కార్లకు స్కానరు మఱింత వివరముగా జవాబు చెప్పును. అంతకు ముందటివి కొంత ముక్తసరిగా చెప్పును. మంటలు ఒక సిలిండరున గాక అన్నింటను అప్పుడప్పుడు తప్పుచున్నవని తేలినది. ఇచట తర్కము చూడుడు. ఒక్కదానిలోనే తప్పినచో దాని ప్లగ్గునో, కాయిలునో, ఇంజెక్టరునో యనుమానింపవలెను. పక్కదానితో మార్చి చూచినచో దోషము దానివెంట పోవును. అన్నింటను తప్పినచో అన్నింటికి నుమ్మడియైన దేదో చెడినది: గాలి త్రోవ గాని, పెట్రోలు ఒత్తిడి గాని. ఒక వీధిలో నొక యింట దీపము పోయిన ఫ్యూజు చూతుము. వీధియంతయు పోయిన ట్రాన్స్‌ఫార్మరు చూతుము గదా!

తరువాత నాలుగు సిలిండర్ల కంప్రెషను కొలిచెను. నాలుగును ఇంచుమించు సమానముగా, బాగుగా వచ్చినవి. చెల్లెలు నా చేయి గట్టిగా పట్టుకొనినది. అనగా ఇంజను ప్రాణము పోలేదు. ఎనుబది వేల మాట ఈ కొలత లేకయే చెప్పబడినది. కాని ఆయిలు ఒత్తిడిని మీటరు తగిలించి కొలువగా, ఇంజను వేడెక్కి నిలిచినప్పుడు ఉండవలసినదానికంటె తక్కువగా నున్నది. అదియు దాచరాని నిజమే.

పీసీవీ వాల్వు అను చిన్న భాగమును తీసి మా కిచ్చి, ఊపి చూడుమనెను. మంచిదైన లోన గలగలమనవలెను. అది మూగవోయినది, మడ్డితో బిగిసినది. గుట్టంతయు నిక్కడ విడినది. పిస్టను పక్కగా జాఱు పొగను ఈ వాల్వు మరల మంటగదికి పంపి కాల్పించును. అది మూసికొనగా ఆ పొగ లోననే తిరిగి ఆయిలును చెఱచినది. మిగిలినది వేఱొక గొట్టమున నెదురునడచి, గాలి లోనికి పోవు థ్రాటిల్ బాడీకి చేరి, దాని యంచులకు తారువలె పట్టినది. వేగముగా పోవునప్పుడు ఆ తలుపు బాగుగా తెఱచుకొనును గాన లోటు తెలియదు. నిలిచినప్పుడు సన్నని సందుననే ఊపిరి తీయవలెను. ఆ సందే పూడినది. కావున మడ్డియు వణకును రెండు రోగములు గావు, ఒకే రోగమునకు రెండు మొగములు. ప్లగ్గులును అరిగియే యున్నవి.

మడ్డి తీయు విధమును గూర్చి యొక హెచ్చరిక. మొదటి షెడ్డువారు డీజిలు పోసి ఫ్లషింగు చేయవచ్చునని గూడ చెప్పియుండిరి. కొంచెము జిగురున్నచోట మెత్తని శుద్ధిద్రవములు పనికివచ్చును గాని, దట్టముగా పేరుకొన్నచోట అది ప్రమాదము. తొలకరి వానకు వీధి చెత్త యంతయు కొట్టుకొనివచ్చి నాలా మూతికి అడ్డుపడును గదా! అట్లే ఊడిన మడ్డిగడ్డలు ఆయిలు పీల్చు జల్లెడకు అడ్డుపడి, ఇంజనునకు చుక్క అందనీయవు. అందువలన మా మెకానిక్కు క్రింది ఆయిలు ఛాంబరును విప్పెను. జల్లెడ సగము పూడియున్నది. ఎఱ్ఱదీపము మినుకుమనుటకు తక్కువ ఆయిలే గాక, ఇదియు కారణము. ఛాంబరును జల్లెడను కడిగి, పైమూత క్రింది బంకను చేతితో తుడిచి, థ్రాటిల్ బాడీని శుభ్రపఱచి, క్రొత్త వాల్వును ప్లగ్గులను ఎయిర్ ఫిల్టరును వేసి, క్రొత్త ఆయిలును ఆయిలు ఫిల్టరును అమర్చెను. వేయి కిలోమీటర్లకొకమారు, ఆ పిమ్మట రెండు వేలకు మఱియొకమారు ఆయిలు, ఫిల్టరు మార్పుమనెను. మంచి ఆయిలు మిగిలిన మడ్డిని మెల్లమెల్లగా కరిగించి తీసికొనివచ్చును. తొందర పనికిరాదు.

టోయింగుతో కలిపి పందొమ్మిది వేల చిల్లర యైనది. తక్కువ సొమ్మేమియు గాదు. ఆ పది దినములును తల్లిని క్యాబులలో తీసికొనిపోయినది. ఒకనాడు వానలో క్యాబు దొరకక, డయాలిసిస్‌కు గంట యాలస్యమై, ఆ తల్లి ఆసుపత్రి బల్లపై కూర్చుండి కూతు నోదార్చినదట. "బండి వచ్చువఱకు ఓర్చుకొందము లేవే" అనినదట. ఆ మాట చెప్పునప్పుడు చెల్లెలి గొంతు బొంగురుపోయినది.

బండి తిరిగి వచ్చిన సాయంకాలము, బయోడైవర్సిటీ కూడలిలో నిలిచి యామె నాకు ఫోను చేసినది. "అక్కా! ఇంజను నడుచుచున్నదో లేదో తెలియుట లేదు. మీటరు చూడవలసి వచ్చినది" అనినది. ఐనను నేను అసత్యమాడను. ఉదయమున మొదట త్రిప్పినప్పుడు కొన్ని క్షణములు టాపెట్ల టకటక యింకను వినబడుచున్నది. కొంత అరుగుదల అరిగినదే, అది తిరిగిరాదు. ఇంకెన్నేండ్లు నడుచునో యెవరును చెప్పలేరు. అన్ని బండ్లును ఇట్లు బ్రదుకవు గూడ. కంప్రెషను పడిపోయినచో, బేరింగులు మ్రోగుచున్నచో, నిజముగా పెద్ద ఖర్చే యగును. అప్పుడు అమ్ముటయే వివేకము గావచ్చును. మన రిజిస్ట్రేషను పదునైదేండ్లకు ముగియును. ఆ పిమ్మట పరీక్ష చేయించి ఐదేండ్లకొకమారు పొడిగించుకొనవలెను. 2011 నాటి బండికి ఆ గడువును చేరువయే గాన, ఆ ఖర్చును లెక్కలో వేసికొనుమని చెప్పితిని. నిర్ణయ మేదైనను కొలతపై చేయవలెను గాని భయముపై చేయరాదు.

పాతబండి గల సోదరీమణులు పాటింపవలసినవి కొన్ని చెప్పి ముగించెదను.

పక్షమున కొకమారు, అమ్మవారికి దీపము పెట్టినంత తప్పక, ఆయిలుపుల్లను చూడుడు. అందుకు రెండు నిమిషములు చాలును. మూత యడుగును నెలకొకమారు చూడుడు. సైబరాబాదు త్రోవలలో తిరుగు పాతబండికి ఐదు వేల కిలోమీటర్లకో ఆఱు నెలలకో, ఏది ముందైన నప్పుడు, ఆయిలును ఫిల్టరును మార్పించుడు. పుస్తకములో చెప్పిన తరగతియే వాడుడు; చిక్కని ఆయిలు పోసిన శబ్దము తగ్గునను మాట నమ్మి, రోగమును కప్పకుడు.

వారమున కొకమారైనను బండిని ఔటర్ రింగు రోడ్డుపైనో, ఉదయము తెల్లవాఱకముందు ఖాళీ త్రోవలనో, అరగంట యాగకుండ నడుపుడు. లోని తేమ యెగిరిపోవును. 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చి, ఉద్యోగులు చాల కాలము ఇంటినుండియే పని చేసినప్పుడు ఈ ప్రాంతపు సెల్లారులలో బండ్లు ఊరక నిలిచినవి. నడువనిబండికి అరుగుదల లేదనుకొనుట భ్రమ. నిలిచిన ఆయిలునకు గూడ వయస్సు వచ్చును.

పెట్రోలు సంగతియు తెలియవలెను. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాలు ఇరువది శాతమునకు చేరినది. ఇథనాలు తేమను పీల్చును. పెట్రోలుకంటె దానిలో శక్తియు తక్కువ. పాతబండ్లలోని రబ్బరు గొట్టములు దానికొఱకు చేసినవి గావు. కావున సర్వీసు చేయించినప్పుడెల్ల గొట్టములు ఉబ్బినవా, పగిలినవా యని చూపించుకొనుడు. పెట్రోలును నెలల తరబడి ట్యాంకులో నిలువయుంచకుడు.

మెకానిక్కును గౌరవముగా "అన్నా" యని పిలిచియే, మూడు ప్రశ్న లడుగుడు: ఏ పరీక్ష చేసితివి? కొలత యెంత వచ్చినది? పాతభాగ మెక్కడ? మంచివాడు సంతోషముతో చెప్పును. చెప్పుటకు విసుగుకొనువాని వద్దనుండి బండిని తీసికొనివచ్చుట మేలు.

మా చెల్లెలు ఇప్పుడొక చిన్న పుస్తకము పెట్టినది. ఒక పుటలో తల్లి బరువు, రక్తపుపోటు. ఎదుటి పుటలో బండి కిలోమీటర్లు, ఆయిలు గీత. రెండును తండ్రి విడిచిపోయిన బాధ్యతలే యని నవ్వినది. మొన్న ఆసుపత్రినుండి వచ్చుచు తల్లి, "ఏమే, సిగ్నలు దగ్గఱ ఊయల యాగిపోయినదే!" అనినదట.

రాబోవు నెలలో వానకాలమున నీటిలో మునిగిన బండిని త్రిప్పవచ్చునా, కూడదా యను విషయమును ముచ్చటింతును. అంతవఱకు సెలవు.

ఇట్లు,
మీ యక్క